వినేవారి వాకిట వాక్యము
(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: నెహెమ్యా 8:1-8

ఇచ్ఛాపురం నుండి టెక్కలి వరకు, కొండ దిగువన మందస మొదలుకొని సముద్రపు ఒడ్డున వజ్రపుకొత్తూరు వరకు ఈ మాటలు వింటున్న ప్రతి కుటుంబమునకు దేవుని సమాధానము కలుగును గాక.

ఈ దినము మనము ధ్యానించే భాగములో యెరూషలేములోని నీటి గుమ్మము ఎదుట జనులందరు కూడుకొని ఉన్నారు. శాస్త్రియైన ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథము తెచ్చి ఉదయము నుండి మధ్యాహ్నము వరకు చదివాడు. అయితే చదవడంతో పని ముగియలేదు. 7వ వచనములో 13 మంది పేర్లు వరుసగా ఉన్నాయి. వీరును లేవీయులును జనుల మధ్య నిలబడి, చదివినదానికి అర్థము చెప్పారని అక్కడ ఉంది. పేర్లు పలకడం కష్టమని మనము ఆ వచనము త్వరగా దాటేస్తాము. కాని ఆ రోజు గ్రంథమునకును జనుల చెవికిని మధ్య నిలిచినవారు వారే.

వారి అవసరము ఎందుకు వచ్చింది? జనులు బబులోను చెరలో తరాలు గడిపి వచ్చారు. ధర్మశాస్త్రము హెబ్రీ భాషలో ఉంది. ఇంటిలో, సంతలో నోటికి వచ్చే మాట అనేకులకు అరామిక్కు అయిపోయింది. ఇదే గ్రంథము 13వ అధ్యాయము 24వ వచనములో, కొందరి పిల్లలకు యూదుల భాషే రాలేదని నెహెమ్యా బాధపడ్డాడు. అందుకే లేవీయులు అక్కడికక్కడ అనువదించి చెప్పి ఉంటారని చాలామంది పండితులు అంటారు. ఫలితము ఏమిటి? జనులు ఏడ్చారు, తరువాత సంతోషించారు. తమకు తెలియజేయబడిన మాటలు గ్రహించినందున సంతోషించారని 12వ వచనము చెబుతుంది.

ప్రియులారా, నేడు మన సంఘములకు చేరే పుస్తకములలో, కరపత్రములలో, పాటలలో, సండేస్కూలు పాఠములలో ఎక్కువ భాగము ఎక్కడో ఒకచోట, ఎవరికోసమో వ్రాయబడినవి. ఇంగ్లీషు నుండి తెలుగులోనికి రావడం ఒక మెట్టు. ఆ తెలుగు నుండి కవిటి మండలములోని ఒక అమ్మ చెవికి చేరడం ఇంకొక మెట్టు. మొదటి మెట్టు ఎక్కగానే పని అయిపోయిందని అనుకుంటాము. రెండవ మెట్టు గూర్చి, అక్కడ ఏది మార్చవచ్చు, ఏది మార్చకూడదు అనేదాని గూర్చి ఈ దినము ఆలోచిద్దాము.

మొదట సువార్తికులు ఏమి చేశారో చూడండి. మార్కు తన సువార్తను యూదుల ఆచారములు ఎరుగని వారికోసము వ్రాశాడు. అందుకే 7వ అధ్యాయములో, భోజనమునకు ముందు యూదులు చేతులు కడుగుకొను ఆచారము ఏమిటో ఆగి వివరిస్తాడు. 5వ అధ్యాయములో ప్రభువు పలికిన అరామిక్కు మాటను అలాగే ఉంచి, దాని ప్రక్కనే అర్థము పెడతాడు. 12వ అధ్యాయములో బీద విధవరాలు వేసిన రెండు చిన్న నాణెములను చెప్పి, అవి రోమీయుల కొద్రాంతు అనే నాణెముతో సమానమని గ్రీకు మూలములో కలిపాడు. యూదయలోని నాణెమును రోమా లెక్కలో చెప్పాడు. పొరుగూరి కొలతలో చెప్పిన దానిని మన కొలతలోనికి మార్చి చెప్పినట్టన్నమాట.

లూకా ఇంకొక అడుగు వేశాడు. పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చిన సంగతి మనకందరికి తెలుసు. మార్కు 2:4లో వారు కప్పును త్రవ్వారని గ్రీకు మాట. పాలస్తీనాలో దూలములమీద కొమ్మలు పరచి మట్టి కొట్టిన మిద్దెలు ఉండేవి గనుక త్రవ్వడమే సరియైన మాట. లూకా 5:19లో మాత్రము పెంకుల మధ్యనుండి దించారని ఉంది. లూకా పాఠకులు గ్రీకు పట్టణములవారు, వారికి తెలిసిన ఇల్లు పెంకుటిల్లు గనుక అలా వ్రాశాడని పండితులు చెబుతారు. కప్పు మారింది. నలుగురు స్నేహితుల విశ్వాసము మారలేదు, పాపములు క్షమించే అధికారము మారలేదు, పరుపెత్తుకొని నడిచి వెళ్లిన మనిషి మారలేదు.

ఇప్పుడు ఉద్దానమువారు శ్రద్ధగా వినవలసిన సంగతి ఒకటి ఉంది. రెండు ఇండ్ల ఉపమానము. మత్తయి 7వ అధ్యాయములో బుద్ధిహీనుడు ఇసుకమీద ఇల్లు కట్టాడు. మన తీరపు ఊళ్లలో ఇసుక అంటే ఏమిటి? కొబ్బరి నిలబడిన నేల, జీడి పెరిగిన నేల, తాత ముత్తాతలు ఇల్లు వేసుకున్న నేల. ఇసుకను వదిలి బండమీదికి వెళ్లమంటే బండ ఎక్కడ ఉంది? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపాన తీరము దాటిన తిత్లీ తుఫానులో తోటలు నేలకొరిగాయి, ఇండ్ల కప్పులు ఎగిరిపోయాయి. అలాంటి ఊరిలో నిలబడి, ఇసుకమీద కట్టుకున్నవాడు బుద్ధిహీనుడని చదివి కూర్చుంటే, నష్టపోయినవాని చెవికి అది ఎలా వినబడుతుంది? నీ ఇల్లు కూలడానికి నీవే కారణము అన్నట్టు వినబడుతుంది. ప్రభువు ఆ మాట అనలేదు.

అదే ఉపమానమును లూకా 6:48, 49లో చూడండి. అక్కడ ఇసుక లేదు! ఒకడు లోతుగా త్రవ్వి పునాది వేశాడు, మరొకడు పునాది లేకుండ నేలమీద కట్టాడు. మత్తయిలో వాన, వరద, గాలి మూడును వచ్చి కొట్టాయి. లూకాలో ఏటి ప్రవాహము వచ్చి కొట్టింది. తేడా నేలలో లేదు, లోతులో ఉంది. విని చేసినవాడు త్రవ్వాడు, విని ఊరుకున్నవాడు త్రవ్వలేదు. ఇసుక నేలలో ఇల్లు కట్టేవానికి పునాది ఎంత లోతు పోవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ నేలమీద నిలబడి లూకా చెప్పిన రీతిగా బోధించండి. దేవుని ఆత్మ ఒకే ఉపమానమును రెండు విధములుగా మనకు అనుగ్రహించాడు. మన ఊరికి ఏది ముందు విప్పాలో మనమే ఆలోచించాలి.

ఈ సమస్య మనకు మాత్రమే వచ్చినది కాదు. ఒకే ఇంగ్లీషు మాట్లాడే రెండు దేశములలో ఏమి జరిగిందో వినండి. 1611లో ఇంగ్లాండులో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలులో, యాకోబు కుమారులు ఐగుప్తుకు వెళ్లింది 'కార్న్' కొనడానికి. ఆ దేశములో ఆ మాటకు ధాన్యము అని అర్థము. అమెరికాలో అదే మాటకు మొక్కజొన్న అని అర్థము స్థిరపడింది. మొక్కజొన్న అమెరికా ఖండపు పంట, యోసేపు దినములలో ఐగుప్తులో అది లేనే లేదు. అందుకే 1901లో వచ్చిన అమెరికన్ ప్రతిలో ఆ మాటను మార్చి, గింజలు అని అర్థమిచ్చే మాట పెట్టారు. తరువాతి కాలములో ఒకే అనువాదమును అమెరికాకు ఒక విధముగా, బ్రిటనుకు ఒక విధముగా అచ్చువేయడం కూడ మొదలైంది. భాష ఒకటే, చెవులు వేరు.

మన తెలుగు సంగతి చూద్దాము. 1720లలోనే బెంజమిన్ షుల్జ్ అనే జర్మనీ మిషనరీ క్రొత్త నిబంధనను తెలుగులోనికి అనువదించాడు, కాని అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు విశాఖపట్టణము వచ్చారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడుగా నిలిచాడు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజ్ మరణించారు. వారు ఆరంభించిన సువార్తలు 1812లో శ్రీరామపురములో అచ్చయ్యాయి. గమనించండి, మన ఉత్తరాంధ్ర తీరములో మొదలైన పని అది. ఇద్దరు విదేశీయుల ప్రక్కన తెలుగు చెవి గల ఒక మనిషి కూర్చోకపోతే ఆ పని సాగేది కాదు. అర్థము చెప్పిన ఆ 13 మంది లేవీయుల వరుసలో ఆనందరాయర్ కూడ నిలువదగినవాడు.

మన శ్రీకాకుళము జిల్లాకే చెందిన గిడుగు వెంకట రామమూర్తి గారిని కూడ తలంచుకోవాలి. 1863లో శ్రీముఖలింగము దగ్గర పర్వతాలపేటలో జన్మించారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను ఆయన చేసినది మనకు పాఠము. కొండలలోని సవరల భాషను వారి దగ్గరకు వెళ్లి నేర్చుకున్నారు, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు, 1931లో సవర భాషా వ్యాకరణము ప్రచురించారు. తెలుగువారికి కూడ నోటి మాటకు దగ్గరైన తెలుగులో చదువు ఉండాలని జీవితమంతా పోరాడారు. అర్థము కాని మాట చెవికి చప్పుడే గాని చదువు కాదని ఆయన వాదన సారము. పౌలు 1 కొరింథీయులకు 14వ అధ్యాయములో సంఘమునకు చెప్పినది ఇదే గదా. తెలియని మాటలు పలికితే గాలితో మాట్లాడినట్టని ఆయన హెచ్చరించాడు.

సరే, మార్చాలి. కాని ఎంతవరకు? ఇక్కడ జాగ్రత్త అవసరము. మన బైబిలులో 'ధాన్యము' అని చదివితే మన రైతుకు వడ్లు కనబడతాయి. ఐగుప్తులో ఉన్నవి గోధుమలు, యవలు. దానివలన నష్టము లేదు, ఎందుకంటే అక్కడి సంగతి ఆకలి, ఆకలి తీర్చిన దేవుడు. కాని 'రెండు కాసులు' అనే మాట చూడండి. అనువాదకుల కాలములో కాసు అంటే చిన్న నాణెము. ఈ కాలములో మన స్త్రీలకు కాసు అంటే ఎనిమిది గ్రాముల బంగారము! సండేస్కూలు టీచరు ఆ భాగము చదివి ఒక పెద్దమ్మను, "అమ్మా, ఏటి ఇన్నావు? నాకోపాలి సెప్పు" అని అడిగిందనుకోండి. "ఆవిడ రెండు కాసుల బంగారం ఏసేసినాదట. కలిగినోలి మనిసే!" అని ఆమె చెప్పవచ్చు. అప్పుడు కథ తలక్రిందులైంది. ఏమీ లేని విధవరాలు ధనవంతురాలైపోయింది. కనుక వడ్లైనా గోధుమలైనా కథ నిలబడుతుంది, కాసు బంగారమైతే కథ పడిపోతుంది. ఇదే కొలత. మాట మారినప్పుడు ఆ సంగతి బరువు మారిందా లేదా అని చూడండి.

మన ఊరి మాట అయినంత మాత్రాన అది సరియైన మాట కాదు. తప్పిపోయిన కుమారుడు తండ్రితో తనను కూలివానిగా పెట్టుకోమని చెప్పాలనుకున్నాడు. ఎవరైనా ఉత్సాహముతో, మన రైతుల మాటలో 'కంబారి' అని చెప్పబోతారు. వినడానికి తియ్యగా ఉంటుంది. కాని కంబారి ఏడాదికి కుదిరి ఆ ఇంటిని అంటిపెట్టుకొని ఉండేవాడు. గ్రీకులో ఉన్నది కూలికి పిలిచిన పనివాడు. కొడుకు తన్ను తాను ఎంత దూరముగా పెట్టుకున్నాడో ఆ మాటలో ఉంది. కంబారి అంటే ఆ దూరము తగ్గిపోతుంది. అక్కడ కూలి అనే మాటే మంచిది, అది మనకు తెలిసిన మాటే.

పలాసలో జీడి పని చేసే సహోదరీలకు ఈ సంగతి నాకంటె బాగా తెలుసు. పిక్కను కాల్చి గాని ఆవిరి పట్టి గాని పెంకు తీయాలి. ఆ పెంకులోని జీడి చేతిని కాలుస్తుంది, దానితో సహా ఎవరూ తినలేరు. తరువాత పొర తీయాలి. అయితే పెంకు తీసే తొందరలో పప్పు విరిగితే గుండు బద్ద అవుతుంది, బద్ద ముక్క అవుతుంది, ధర పడిపోతుంది. ఏ ఊరి బజారుకు ఏ డబ్బా కావాలో వ్యాపారి చూసుకుంటాడు, లోపలి పప్పు మాత్రము కల్తీ చేయడు. వాక్యము అందించేవారు కూడ అంతే. పరాయి దేశపు పెంకు తీయండి, పప్పు విరగనీయకండి. ప్రకటన గ్రంథము చివరి అధ్యాయములో కలుపుటను గూర్చియు తీసివేయుటను గూర్చియు ఉన్న హెచ్చరిక మనకు తెలుసు గదా.

ఇక ప్రాణముతో కూడిన సంగతి చెబుతాను. దయచేసి శ్రద్ధగా వినండి. మన ఉద్దానములో కిడ్నీ వ్యాధి ఎన్ని ఇండ్లను కూల్చిందో చెప్పనక్కరలేదు. కారణము ఇదీ అని నేటికి పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమయ్యాయి. డయాలసిస్‌కు వెళ్లి వచ్చే సహోదరులు మన సంఘములలో ఉన్నారు. ఇలాంటి నేలకు వేరే చోట వ్రాసిన కాగితము యథాతథముగా వస్తే ఏమవుతుంది?

ఎండాకాలములో ఆరోగ్యమును గూర్చిన కరపత్రము వస్తుంది. నీరు విరివిగా త్రాగండి, కొబ్బరినీళ్లు త్రాగండి అని ఉంటుంది. ఎండలో పనిచేసే ఆరోగ్యవంతునికి అది మంచి మాట. డయాలసిస్ మీద ఉన్నవానికి రోజుకు ఎంత నీరు త్రాగాలో డాక్టరు కొలిచి చెబుతారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు చెడినవారిలో అది గుండెకే ప్రమాదము. చెట్టు నిండా బొండాలున్న ఊరిలో ఆ ఒక్క వాక్యము మనిషి ప్రాణము తీయగలదు. అనువాదములో ఒక్క అక్షరము తప్పు లేకపోయినా, మన ఊరికి ఆ కాగితము తప్పే.

అలాగే స్వస్థతను గూర్చిన కరపత్రములు వస్తాయి. రక్తస్రావముగల స్త్రీతో మార్కు 5:34లో ప్రభువు పలికిన మాటను మన బైబిలు స్వస్థతగా అనువదించింది. లూకా 7:50లో పాపాత్మురాలైన స్త్రీతో పలికినది గ్రీకులో అదే మాట, అక్కడ మన బైబిలు రక్షణగా అనువదించింది. ఆమెకు ఏ రోగము ఉన్నట్టు అక్కడ లేదు. ఒకే మాటలో శరీరము బాగుపడుటయు మనిషి రక్షింపబడుటయు ఉన్నాయి. విశ్వాసముంటే మందులు అక్కరలేదు అని ఎవరైనా ఆ మాటనుండి లాగితే, పప్పు విరిచినట్టే. మన ఊరిలో దాని ఫలితము ఏమిటి? ఒక సహోదరుడు వారములోని డయాలసిస్ మానుకుంటాడు. లూకా వైద్యుడు అని కొలస్సయులకు 4:14 చెబుతుంది. దేవుడు వైద్యుని చేత సువార్త వ్రాయించాడు. కనుక ప్రార్థించండి, చేతులుంచి ప్రార్థించండి, బస్సు ఎక్కించి ఆసుపత్రికి కూడ తోడు వెళ్లండి. దేవుడు స్వస్థపరచగలడని నమ్ముతూనే వెళ్లండి.

అయితే సంఘములుగా మనమేమి చేయాలి? మూడు సంగతులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, పంచే ముందు వినిపించండి. కరపత్రము గాని, పాఠము గాని, ఊరికి తెచ్చినప్పుడు దానిని ఎన్నడూ వినని ఒకరికి చదివి, తిరిగి చెప్పమని అడగండి. అర్థమైందా అని అడగవద్దు. పాస్టరుగారు అడిగితే అందరు అర్థమైందనే అంటారు. ఏమి విన్నారో వారి మాటలలో చెప్పమనండి. బైబిలు అనువాదకులు ఈ పద్ధతినే పాటిస్తారు. వారి నోట తిరిగి వచ్చిన కథలో మనకు తప్పు దొరుకుతుంది.

రెండవది, ఆ పనికి సరియైనవారిని కూర్చోబెట్టండి. సెమినరీలో గ్రీకు చదివినవాడు పప్పు విరగకుండ చూడగలడు. పెంకు ఎక్కడుందో మాత్రము ఊరివారికే తెలుస్తుంది. జీడి పనికి వెళ్లే సహోదరి, వేటకు వెళ్లే సహోదరుడు, ఇంటిలో ఒడియా మాట్లాడే కోడలు, మందస కొండలనుండి దిగివచ్చే సవర విశ్వాసి, ఆరోగ్య సంగతులైతే ఒక నర్సు, వీరు ఆ బల్లచుట్టు ఉండాలి. వారి యాసను చూసి నవ్వకండి. నాటకములో నవ్వించడానికి మన యాసను వాడుకున్నవారు చాలామంది ఉన్నారు. సంఘములో అది సువార్త వినే చెవి, ప్రార్థించే నోరు. గలిలయవాడైన పేతురును యాసనుబట్టి యెరూషలేములో గుర్తుపట్టారు. పెంతెకొస్తు దినమున ప్రభువు నిలబెట్టింది ఆ నోటినే.

మూడవది, మార్చినది ఏమిటో దాచకండి. ఊరికి తగినట్టు చెప్పినప్పుడు, మూలములో ఇలా ఉంది, మన ఊరికి ఇలా చెబుతున్నాను అని చెప్పండి. మార్కు అరామిక్కు మాటను ఉంచి ప్రక్కన అర్థము పెట్టినట్టు చేయండి. అప్పుడు వినేవారు గ్రంథము తెరచి తామే చూచుకుంటారు. మన మాటమీద గాక వాక్యము మీద ఆనుకుంటారు.

ప్రియ శ్రోతలారా, తన కుమారుని పంపినప్పుడు దేవుడు ఆకాశమునుండి కేక వేసి ఊరుకోలేదు. ఆ వాక్యము శరీరధారియై, నజరేతు ఇంటిలో పెరిగి, గలిలయ యాసలో మాట్లాడాడు. మన వాకిటికి అంత దగ్గరగా వచ్చిన ప్రభువును, మన పొరుగువానికి అర్థము కాని మాటలతో దూరము చేయకుండుదము గాక. ఈ వారము మీ చేతికి వచ్చే ఒక్క కాగితమునైనా, మీ ఇంటిలో చదవడం రాని ఒకరికి చదివి వినిపించండి. వారు తిరిగి చెప్పేది ఓపికగా వినండి.

ప్రార్థించుకుందాము. ప్రేమగల తండ్రీ, నీ మాటను మా భాషలో మాకు అందించుటకు ప్రయాసపడిన నీ సేవకుల నిమిత్తము వందనములు. అర్థము చెప్పువారికి జ్ఞానమును, వినువారికి గ్రహింపును దయచేయుము. మా ప్రాంతములో కిడ్నీ వ్యాధితో బాధపడుచున్న నీ బిడ్డలను ఆదరించుము, వారికి సేవచేయు వైద్యులను, నర్సులను బలపరచుము. మేము చెప్పు ఏ మాటవలనను ఏ ప్రాణమునకును హాని కలుగకుండ మమ్మును కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.